శతకం మార్క్‌డౌన్‌లో ఉంది, పాన్‌డాక్ పేజీ బోసిగా వస్తోంది: రూపం ఎక్కడ మార్చాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. మీ తాతగారి శతకం, నూట ఎనిమిది పద్యాలు, ప్రతి పద్యానికీ ప్రతిపదార్థం, తాత్పర్యం, అంతా ఒకే మార్క్‌డౌన్ (చిన్న చిన్న గుర్తులతో రాసే మామూలు టెక్స్ట్) ఫైల్లో టైప్ చేశారు. ఫైళ్లను ఒక రూపం నుంచి మరో రూపంలోకి మార్చే పాన్‌డాక్ ప్రోగ్రామ్‌తో హెచ్‌టీఎంఎల్‌గా, అంటే వెబ్ పేజీగా, మారిస్తే పేజీ బోసిగా ఉంది. సరే అని పేజీ ఎలా కనిపించాలో చెప్పే సీఎస్ఎస్ ఫైల్ ఒకటి నాలుగు లైన్లలో రాసి తగిలిస్తే రంగు వచ్చింది గానీ, అంతకుముందున్న మార్జిన్లు మాయమై అక్షరాలు స్క్రీన్ అంచుకు అంటుకుపోయాయి. ఒత్తులు కింది లైన్‌ను తాకుతున్నాయి. ఫోన్‌లో పద్యపాదాలు ఎక్కడ పడితే అక్కడ విరుగుతున్నాయి. ఇప్పుడు హెచ్‌టీఎంఎల్ ఫైల్ తెరిచి చేత్తో దిద్దాలా, పాన్‌డాక్ పేజీని పోసే అచ్చు, అంటే టెంప్లేట్, మార్చాలా, ఇదంతా ఎందుకని వర్డ్‌ప్రెస్‌కు వెళ్లిపోవాలా అని అడుగుతున్నారు.

హెచ్‌టీఎంఎల్ ఫైల్‌ను మాత్రం ముట్టుకోకండి. రేపు తాత్పర్యంలో ఒక అచ్చుతప్పు దొరుకుతుంది, మూలం సరిచేసి మళ్లీ పాన్‌డాక్ నడుపుతారు, చేత్తో దిద్దిందంతా ఒక్క దెబ్బకు పోతుంది. టెంప్లేట్ కూడా ఇప్పుడప్పుడే వద్దు. మీ సమస్యలో ముప్పాతిక వంతు సీఎస్ఎస్‌ది కూడా కాదు, మూలానిది. మీ మార్క్‌డౌన్‌లో ప్రతిపదార్థం, తాత్పర్యం రెండూ పాన్‌డాక్ కంటికి ఒట్టి పేరాలే, పద్యం ఒట్టి లైన్ల గుంపు. ఏది ఏమిటో మీకు తెలుసు, ఫైల్‌కు తెలియదు. తెలియనిదానికి సీఎస్ఎస్ వేరే రూపం ఎలా ఇస్తుంది? కాబట్టి ముందు పేర్లు పెట్టుకోవాలి, తర్వాత ఆ పేర్లకు రూపం రాసుకోవాలి. ఈ వరస తప్పితేనే తలనొప్పులన్నీ.

ఒక మాట. కోడ్ ముక్కలు పెట్టడం లేదు, మాటల్లోనే చెబుతున్నాను. ప్రాపర్టీల పేర్లు తెలుగు లిపిలో రాస్తున్నా, మీ ఫైల్లో మాత్రం ఇంగ్లిష్‌లోనే రాసుకోవాలి.

ముందు ఆ మార్జిన్ల సంగతి తేల్చేద్దాం, చాలామంది ఇక్కడే కంగారుపడతారు. 2020లో వచ్చిన 2.11 వెర్షన్ నుంచి పాన్‌డాక్ తనంతట తానే కొంత సీఎస్ఎస్‌ను పేజీలో పెడుతోంది. వెడల్పు 36 ఈఎమ్‌లకు (ఈఎమ్ అంటే అక్షరం సైజును బట్టి మారే కొలత) మించకుండా ఆపడం, పేజీని మధ్యకు తేవడం, చుట్టూ 50 పిక్సెళ్ల ప్యాడింగ్, చిన్న స్క్రీన్ అయితే ఆ ప్యాడింగ్ తగ్గించడం, ఇవన్నీ దాని పనే. కానీ మీరు మీ సొంత సీఎస్ఎస్ ఫైల్ ఇచ్చిన మరుక్షణం 'ఇక ఈయన చూసుకుంటాడు' అని అది పక్కకు తప్పుకుంటుంది. అంటే మీ ఫైల్ ఏదో పాడుచేసిందని కాదు, పాతది తప్పుకుందంతే. ఆ పాత రూపం మీద మీ నాలుగు లైన్లు అద్దుకుంటే చాలనుకుంటే, ఫైల్ పైన టైటిల్, భాష లాంటి వివరాలు రాసే మెటాడేటాలో 'డాక్యుమెంట్-సీఎస్ఎస్' విలువ 'ట్రూ' అని రాయండి. రెండూ ఉంటాయి. మీ ఫైల్ లింకు దాని తర్వాత వస్తుంది కాబట్టి, సమానమైన రూల్స్ ఉన్నచోట మీదే నెగ్గుతుంది.

నేనైతే అలా చేయను. ఆ డిఫాల్ట్ ఇంగ్లిష్ వ్యాసాన్ని మనసులో పెట్టుకుని రాసింది. బాడీకి మ్యాక్స్-విడ్త్ 36 ఈఎమ్, మార్జిన్ ఆటో, పక్కల ఒక ఈఎమ్ ప్యాడింగ్, మూడు లైన్లు సొంతంగా రాసుకుంటే మీ పేజీ మీ చేతిలో ఉంటుంది. వెడల్పును 'సీహెచ్' కొలతలో రాయమని ఇంగ్లిష్ పాఠాల్లో చెబుతుంటారు. అది సున్నా అంకె వెడల్పును బట్టి లెక్కేసే కొలత, తెలుగు అక్షరానికి దానితో పొంతన లేదు. ఈఎమ్‌లోనే రాయండి.

అదే మెటాడేటాలో భాష 'టీఈ' అని రాశారో లేదో చూసుకోండి. స్క్రీన్ రీడర్ ఏ గొంతుతో చదవాలి, బ్రౌజర్ ఏ ఫాంట్ ఎంచుకోవాలి, అనువదించమంటారా అని క్రోమ్ అడగాలా వద్దా, వీటిలో ఆ లైను ఉపయోగపడుతుంది. టైటిల్ కూడా ఇవ్వండి, లేకపోతే పాన్‌డాక్ ప్రతిసారీ గొణుగుతుంది.

ఇక పేర్లు. పాన్‌డాక్ మార్క్‌డౌన్‌లో మూడు కోలన్లు కొట్టి పక్కన ఒక పేరు రాసి, చివర మళ్లీ మూడు కోలన్లతో మూసేస్తే, మధ్యలో ఉన్నదంతా ఆ పేరు గల డివ్‌లోకి, అంటే హెచ్‌టీఎంఎల్‌లో ఒక డబ్బాలోకి, వెళ్తుంది. ఆ పేరునే క్లాసు అంటారు. పద్యం చుట్టూ 'పద్యం', తాత్పర్యం చుట్టూ 'తాత్పర్యం' అని పేర్లు పెట్టండి. పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లోనే, స్పేస్ లేకుండా, చిన్న బడిలో ఉండనివ్వండి. గుణింతాలున్న పేర్లతో ప్రతి పనిముట్టూ ఒకేలా నడుచుకుంటుందని పూచీ లేదు. 'ఎరుపు డబ్బా', 'పెద్ద అక్షరాలు' లాంటి పేర్లు మాత్రం వద్దు. రేపు ఎరుపు నచ్చక నీలం చేస్తే ఆ పేరే అబద్ధమవుతుంది. అది ఏమిటో చెప్పే పేరు పెట్టండి, ఎలా కనిపించాలో సీఎస్ఎస్ చెబుతుంది.

పద్యం లోపల ఇంకో రెండు చిన్న పేర్లు కావాలి. 'ఉ.', 'చ.', 'సీ.', 'తే.గీ.' అని ముందుండే ఛందస్సు గుర్తుకు ఒకటి, చివరి మకుటానికి ఒకటి. ఆ మాటను చదరపు బ్రాకెట్లలో పెట్టి, వెంటనే మీసాల బ్రాకెట్లలో చుక్కతో క్లాసు పేరు రాస్తే అది స్పాన్, అంటే లైన్ లోపలి చిన్న డబ్బా, అవుతుంది. నూట ఎనిమిది చోట్ల చేయాలా అని టెన్షన్ పడకండి. మకుటం అన్నిచోట్లా ఒకటే కాబట్టి ఎడిటర్‌లో ఫైండ్-రీప్లేస్ చేస్తే అయిపోతుంది.

ఇప్పుడు అసలు చిక్కు, పాదాలు విరగడం. మీరు పద్యాలను నిలువు గీతతో మొదలయ్యే లైన్లుగా రాశారు. పాన్‌డాక్‌లో దాన్ని లైన్ బ్లాక్ అంటారు. పద్యానికి అది సరైనదే. (పాన్‌డాక్‌ను 2006లో మొదలుపెట్టిన జాన్ మెక్‌ఫార్లేన్ బర్కిలీలో తత్త్వశాస్త్రం ప్రొఫెసర్. ఫుట్‌నోట్లు, పద్యాలు, నిర్వచనాల జాబితాలు ఇందులో ఇంత బాగా కుదరడానికి అదొక కారణమని నా అనుమానం.) కాకపోతే లైన్ బ్లాక్ హెచ్‌టీఎంఎల్‌లోకి వచ్చేసరికి ఒకే డివ్‌లో, పాదానికీ పాదానికీ మధ్య 'బీఆర్' ట్యాగ్‌తో వస్తుంది. ఉత్పలమాల పాదంలో ఇరవై అక్షరాలు. ఫోన్‌లో పట్టక మిగిలిన రెండు మాటలు కింది లైన్లోకి దిగుతాయి. అలా దిగినవి కొంచెం లోపలికి జరిగి ఉంటే, ఇది కొత్త పాదం కాదు, పై పాదం తోకే అని చదివేవాడికి తెలుస్తుంది. దానికి టెక్స్ట్-ఇండెంట్‌ను మైనస్‌లో ఇవ్వాలి. ఆ ప్రాపర్టీ బ్లాకులో మొదటి లైన్‌కే పనిచేస్తుంది, 'బీఆర్' తర్వాతి లైన్లను పట్టించుకోదు. అందుకే మీరు ఎంత గింజుకున్నా మొదటి పాదం ఒక్కటే బయటికి జరిగి, మిగతా మూడూ కదలకుండా కూర్చున్నాయి.

దారి ఏమిటంటే, ప్రతి పాదమూ దేనికదే ఒక పేరా కావాలి. కొత్తగా టైప్ చేసేవాళ్లయితే పద్యం డివ్ లోపల పాదానికీ పాదానికీ మధ్య ఖాళీ లైన్ వదిలితే చాలు. మీకు ఇప్పటికే అన్నీ నిలువు గీతలతో ఉన్నాయి కాబట్టి లువా ఫిల్టర్ రాయండి, అంటే పాన్‌డాక్ మార్చే దారిలో మూలాన్ని సర్దే చిన్న ప్రోగ్రామ్, లువా అనే భాషలో. పాన్‌డాక్‌లోనే లువా ఉంటుంది, వేరే ఏమీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. 'లైన్‌బ్లాక్' అనే పేరుతో ఫంక్షన్ రాసి, అందులోని ప్రతి లైన్‌నూ పేరా చేసి, అన్నిటినీ పద్యం క్లాసున్న డివ్‌లో చుట్టి తిరిగి ఇవ్వడమే. ఐదారు లైన్ల పని. దీంతో పద్యాల చుట్టూ కోలన్లు పెట్టే శ్రమ కూడా తప్పుతుంది, ఎందుకంటే మీ ఫైల్లో లైన్ బ్లాక్ అంటేనే పద్యం. ఒక్కటి గమనించండి: లైన్ బ్లాక్‌లో పాదం ముందు మీరు కొట్టిన స్పేసులను పాన్‌డాక్ విరగని స్పేసులుగా మార్చి అలాగే ఉంచుతుంది. అందం కోసం అలా కొట్టి ఉంటే తీసేయండి, ఇక ఆ పని సీఎస్ఎస్‌ది.

సీఎస్ఎస్‌లో పద్యం డివ్‌కు పొజిషన్ రెలటివ్, ఎడమ ప్యాడింగ్ మూడు ఈఎమ్. లోపలి పేరాలకు మార్జిన్ సున్నా, ఎడమ ప్యాడింగ్ ఒకటిన్నర ఈఎమ్, టెక్స్ట్-ఇండెంట్ మైనస్ ఒకటిన్నర ఈఎమ్. పాదాలన్నీ ఒకే గీత మీద మొదలవుతాయి, తోకలు లోపలికి జరుగుతాయి. ఛందస్సు గుర్తుకు పొజిషన్ అబ్సల్యూట్, లెఫ్ట్ సున్నా ఇస్తే అచ్చు పుస్తకాల్లోలాగా 'ఉ.' ఎడమ పక్కన విడిగా నిలబడుతుంది. ఇక్కడొక మెలిక ఉంది. అబ్సల్యూట్ ఇచ్చిన స్పాన్ తనే ఒక బ్లాకు అయిపోతుంది, పేరా నుంచి ఆ మైనస్ ఇండెంట్‌ను వారసత్వంగా తెచ్చుకుంటుంది. దానికి మళ్లీ టెక్స్ట్-ఇండెంట్ సున్నా అని రాయకపోతే 'ఉ.' ఎడమకు జారి, ఫోన్‌లో సగం స్క్రీన్ బయట ఉంటుంది. లెఫ్ట్ విలువ మార్చి మార్చి చూసి జుట్టు పీక్కుంటారు, కారణం మాత్రం ఇది.

సీసానికి మూడు ఈఎమ్‌లు వదలడం ఫోన్‌లో దుబారా అనిపిస్తే, మీడియా క్వెరీ (స్క్రీన్‌ను బట్టి వర్తించే రూల్) పెట్టి 600 పిక్సెళ్ల లోపు స్క్రీన్‌కు రెండు ఈఎమ్‌లకు తగ్గించండి. 'తే.గీ.' అందులో ఇరుకుగా పడుతుంది, గుర్తు సైజు కొంచెం తగ్గిస్తే సరిపోతుంది. పద్యాన్ని మధ్యకు సెంటర్ చేయాలన్న ఆశ ఉంటే వదులుకోండి. పెళ్లిపత్రికకు బాగుంటుంది, వృత్తపద్యానికి యతిస్థానాలు చూసుకునే కంటికి ఎడమ గీత ఉండాలి.

ప్రతిపదార్థం నాకు ఈ మొత్తంలో ఇష్టమైన భాగం. మీరు 'పదం = అర్థం;' అని సమాన గుర్తులు, సెమికోలన్లు చేత్తో కొట్టుకుంటూ పోయారు. పాన్‌డాక్‌లో నిర్వచనాల జాబితా ఉంది: ఒక లైన్లో పదం, కింది లైన్లో కోలన్ కొట్టి అర్థం. హెచ్‌టీఎంఎల్‌లో అది డీఎల్, డీటీ, డీడీ ట్యాగులుగా వస్తుంది. అలా మూలంలో ఒకసారి విడదీసి రాస్తే, రూపం మీ ఇష్టం. పాత అచ్చుపద్ధతిలో వరసగా పారాలంటే డీటీ, డీడీ రెండింటికీ డిస్‌ప్లే ఇన్‌లైన్ ఇచ్చి, డీడీకి మార్జిన్ సున్నా చేసి, డీటీ తర్వాత ఆఫ్టర్ కంటెంట్‌తో సమాన గుర్తు, డీడీ తర్వాత సెమికోలన్ పెట్టించండి. చివరి డీడీకి సెమికోలన్ బదులు చుక్క. పెద్ద స్క్రీన్‌లో రెండు నిలువు వరసలుగా కావాలంటే అదే డీఎల్‌కు గ్రిడ్ ఇచ్చి, మొదటి వరసకు మ్యాక్స్-కంటెంట్, రెండోదానికి ఒక ఎఫ్ఆర్, అంటే మిగిలిన వెడల్పంతా. మూలంలో ఒక్క అక్షరం మారదు. పదానికీ కోలన్ లైన్‌కూ మధ్య ఖాళీ లైన్ మాత్రం వదలకండి. వదిలితే పాన్‌డాక్ అర్థాన్ని పేరాలో చుడుతుంది, ఇన్‌లైన్ రూపం చెదిరి ప్రతి అర్థమూ కొత్త లైన్‌లో పడుతుంది.

పుస్తకంలో కొంత భాగం డీటీపీ సెంటర్ నుంచి తెచ్చిన ఫైల్ అని రాశారు. అది అను స్క్రిప్ట్‌లో కొట్టినదైతే యూనికోడ్ కాదు. ఫాంట్ తీసేస్తే ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా కనిపిస్తాయి. ముందు దాన్ని యూనికోడ్‌లోకి మార్చి, ఒత్తులు సరిచూసుకుని, ఆ తర్వాతే మార్క్‌డౌన్‌లో కలపండి. ఏ సీఎస్ఎస్‌తోనూ అది తెలుగు కాదు.

అక్షరాల విషయానికొద్దాం. ఫాంట్ ఏదీ చెప్పకపోతే విండోస్‌లో నిర్మలా యూఐ, పాత సిస్టమ్‌లో గౌతమి, మ్యాక్‌లో కోహినూర్ తెలుగు, ఆండ్రాయిడ్‌లో నోటో, ఎవరికి దొరికింది వాళ్లకు కనిపిస్తుంది. మీ కంప్యూటర్‌లో ముద్దుగా కుదిరిన పేజీ పక్కింటివాళ్ల ఫోన్‌లో వేరేలా ఉంటుంది. సాహిత్యానికి నోటో సెరిఫ్ తెలుగు నమ్మకమైనది, పలచన నుంచి బాగా లావు వరకు అన్ని వెయిట్లూ ఉన్నాయి. సిలికానాంధ్ర ద్వారా వచ్చిన మండలి, సూరన్న, రామభద్ర లాంటివి చూడముచ్చటగా ఉంటాయి గానీ, ఒక్కొక్కటీ ఒకే వెయిట్‌లో దొరుకుతుంది. వాటితో బోల్డ్ పెడితే బ్రౌజర్ తనే అక్షరాన్ని ఉబ్బించి దొంగ బోల్డ్ తయారుచేస్తుంది. 'ఘ', 'ఝ' లాంటివాటి లోపలి ఖాళీలు పూడుకుపోయి మరకల్లా కనిపిస్తాయి. శీర్షికలకు రామభద్ర వాడండి, దానికి ఫాంట్-వెయిట్ నార్మల్ అని తప్పకుండా రాయండి. హెచ్1, హెచ్2 ట్యాగులు అడగకుండానే బోల్డ్ తగిలిస్తాయి.

ఫాంట్ ఫైళ్లను మీ సైట్‌లోనే పెట్టుకుంటే మంచిది, వూఫ్2 అనే వెబ్ ఫాంట్ రూపంలో. ఫాంట్-ఫేస్ రూల్‌లో యూనికోడ్-రేంజ్ ఇస్తే తెలుగు అక్షరాలకే ఆ ఫాంట్ వర్తిస్తుంది. తెలుగు విభాగం 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ వరకు. దానితో పాటు 200సీ, 200డీ కూడా చేర్చండి. 'ఫేస్‌బుక్' లాంటి మాటలో పొల్లు విడిగా నిలవడానికి మనం కొట్టే కనిపించని అక్షరం 200సీ, దాన్ని వదిలేయకూడదు. ఇంకో చిట్కా: ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు మరో ఫాంట్‌లో కావాలంటే ఫాంట్-ఫ్యామిలీ వరసలో ఆ ఇంగ్లిష్ ఫాంట్ ముందు, తెలుగు ఫాంట్ తర్వాత రాయండి. బ్రౌజర్ అక్షరం అక్షరానికీ వరసలో వెతుక్కుంటుంది, ముందుదాంట్లో తెలుగు లేదు కాబట్టి రెండోదానికి వస్తుంది.

ఒత్తులు కింది లైన్‌కు తగలడానికి కారణం లైన్-హైట్. ఇంగ్లిష్ పేజీలకు 1.4, 1.5 అని రాసుకునే అలవాటు మనకు పనికిరాదు. 'రాష్ట్రం', 'స్త్రీ' లాంటి మాటల్లో ఒత్తు కింద ఒత్తు పడుతుంది, పై లైన్‌లో అది, కింది లైన్‌లో 'కీ', 'థై' లాంటివి ఎదురుబొదురైతే గుద్దుకుంటాయి. వచనానికి 1.7, పద్యానికి 1.9 నేను వాడే కొలతలు. యూనిట్ లేకుండా ఒట్టి సంఖ్యగా రాయండి. పిక్సెళ్లలో రాస్తే శీర్షికకు కూడా అదే ఎత్తు వారసత్వంగా వెళ్లి, పెద్ద అక్షరాలు ఒకదాని మీదొకటి ఎక్కుతాయి. శీర్షికలకు 1.4 కంటే తగ్గనివ్వకండి. ఫాంట్ మార్చిన ప్రతిసారీ ఈ అంకెలు మళ్లీ చూసుకోవాలి, ఒకే సైజు చెప్పినా ఒక్కో ఫాంట్‌లో తెలుగు ఒక్కో ఎత్తులో ఉంటుంది.

మీరు స్క్రీన్‌షాట్‌లో చూపించిన ముక్కలుముక్కల అండర్‌లైన్ కూడా ఒత్తుల పుణ్యమే. ఇంగ్లిష్‌లో 'జీ', 'వై' లాంటి అక్షరాల తోకలు వచ్చినచోట గీత ఆగి దాటిపోయేలా బ్రౌజర్లు చేస్తాయి. తెలుగులో రెండక్షరాలకొకసారి ఒత్తు వస్తుంది, దాంతో గీత చుక్కలు చుక్కలుగా తెగిపోతుంది. లింకులకు టెక్స్ట్-అండర్‌లైన్-ఆఫ్‌సెట్ 0.3 ఈఎమ్ దాకా పెంచండి, మందం ఒక పిక్సెల్ చాలు. అప్పటికీ తెగుతుంటే స్కిప్-ఇంక్ నన్ చేసేయండి. ఒత్తుల మీదుగా పలచటి గీత పోయినా ఫర్వాలేదు, తెగిన గీతకంటే నయం.

మార్క్‌డౌన్‌లో ఒక నక్షత్రం మధ్య రాసిన మాట వాలుగా వస్తుంది. వాలు అక్షరాల అలవాటు తెలుగు అచ్చులో పెద్దగా లేదు. చాలా తెలుగు ఫాంట్లలో ఇటాలిక్ అసలే ఉండదు, బ్రౌజర్ నిటారు అక్షరాన్నే పక్కకు తోసి చూపిస్తుంది, గుడిదీర్ఘాలు పక్క అక్షరం మీద వాలిపోతాయి. ఆ మాటకు వచ్చే 'ఈఎమ్' ట్యాగ్‌కు (ఇందాకటి కొలత కాదు) ఫాంట్-స్టైల్ నార్మల్ ఇచ్చి, బదులుగా కొంచెం ముదురు రంగో, 600 వెయిటో ఇవ్వండి. లెటర్-స్పేసింగ్ జోలికి వెళ్లొద్దు. తాత్పర్యం మొదటి అక్షరాన్ని పెద్దది చేసే ఫస్ట్-లెటర్ కూడా నేను వాడను. మాట 'స్త్రీ' అనో 'క్షణం' అనో మొదలైతే, ఎక్కడిదాకా ఒక అక్షరమో అన్ని బ్రౌజర్లూ ఒకేలా లెక్కపెట్టవు. తెలుగు సంయుక్తాక్షరాన్ని విడగొట్టకూడదన్న నియమం యూనికోడ్‌లోకి 2023లో, 15.1 వెర్షన్‌తోనే వచ్చింది.

జస్టిఫై చేసి రెండు అంచులూ సమం చేయాలని చూస్తున్నారు. డెస్క్‌టాప్‌లో తాత్పర్యానికి పర్వాలేదు. ఫోన్‌లో వద్దు. మన మాటలు పొడుగు, లైన్‌కు నాలుగే పడతాయి, వాటి మధ్య ఖాళీలు నోరు తెరుచుకుంటాయి. పద్యంలో హైఫన్స్ మాన్యువల్ అని రాసేయండి, బ్రౌజర్ తన ఇష్టానికి మాటను విరిచి హైఫన్ పెట్టకుండా. నాలుగైదు పదాలు కలిసిన సమాసం ఫోన్ వెడల్పును మించి పేజీనే పక్కకు తోసేస్తుంటే ఓవర్‌ఫ్లో-ర్యాప్ బ్రేక్-వర్డ్ ఆదుకుంటుంది.

విషయసూచికలో నూట ఎనిమిది లైన్లు నిలువునా వచ్చి, మొదటి పద్యం చేరేలోపే చదివేవాడు వెళ్లిపోతాడు. పద్యాల శీర్షికలు ఒట్టి సంఖ్యలే కాబట్టి, 'టీఓసీ' ఐడీ ఉన్న న్యావ్‌లోని జాబితాకు డిస్‌ప్లే ఫ్లెక్స్, ర్యాప్, చిన్న గ్యాప్ ఇచ్చి బుల్లెట్లు తీసేయండి. సంఖ్యలు గళ్లలా పక్కపక్కన పేరుకుంటాయి, వేలితో నొక్కడానికి వీలుగా కాస్త ప్యాడింగ్ ఉంచండి. దాని శీర్షిక 'విషయసూచిక' అని రావాలంటే మెటాడేటాలో 'టీఓసీ-టైటిల్' ఉంది. ప్రతి శీర్షిక పక్కనా మీసాల బ్రాకెట్లలో హ్యాష్‌తో పొట్టి ఐడీ కూడా మీరే ఇవ్వండి. ముందుమాట లాంటి తెలుగు శీర్షికల నుంచి పాన్‌డాక్ తయారుచేసే ఐడీతో లింకు కాపీ చేసి వాట్సాప్‌లో పెడితే, ఒక్కో తెలుగు గుర్తూ శాతం గుర్తులతో తొమ్మిది అక్షరాలుగా మారి లింకు బారెడవుతుంది.

రాసిన రూల్ పనిచేయకపోతే ఊహించడం మానేసి ఎఫ్12 నొక్కండి. ఆ అక్షరం మీద రైట్‌క్లిక్ చేసి ఇన్‌స్పెక్ట్ అంటే ఏ రూల్ గెలిచిందో, ఏది కొట్టివేతతో ఉందో కుడివైపు కనిపిస్తుంది. మీ రూల్ అసలు ఆ జాబితాలోనే లేకపోతే క్లాసు పేరు తప్పు, లేదా బ్రౌజర్ పాత ఫైల్‌నే చూపిస్తోంది. కంట్రోల్-షిఫ్ట్-ఆర్ కొట్టండి. రూల్‌కు 'ఇంపార్టెంట్' (మిగతా రూల్స్‌ను తోసేసే గుర్తు) అని తగిలించి గెలిపించుకోవడం మొదలుపెడితే పది రోజుల్లో ఫైలంతా అదే ఉంటుంది.

టెంప్లేట్ ఎప్పుడు? పేజీ పైన ఒక పట్టీ, కింద కాపీరైట్ మాట కావాలంతే అయితే దానికీ అవసరం లేదు. 'ఇన్‌క్లూడ్-బిఫోర్-బాడీ', 'ఇన్‌క్లూడ్-ఆఫ్టర్-బాడీ' అనే ఆప్షన్లకు చెరో చిన్న హెచ్‌టీఎంఎల్ ముక్క ఇస్తే సరి. పేజీ నిర్మాణమే మారాలి, పేరు, రచయిత ఉండే చోటు మారాలి అంటే అప్పుడు డిఫాల్ట్ టెంప్లేట్‌ను పెద్ద బడి 'డీ' ఆప్షన్‌తో బయటికి తీసి దిద్దుకోండి. ఆ తర్వాత పాన్‌డాక్ అప్‌డేట్ అయినా మీ టెంప్లేట్ పాతదే, దాన్ని సాకాల్సింది మీరే. అందుకే చివరికి వాయిదా వేయమంటున్నా. ఇన్ని ఆప్షన్లు రోజూ టైప్ చేయలేరు కాబట్టి అన్నిటినీ ఒక డిఫాల్ట్స్ ఫైల్లో రాసి చిన్న బడి 'డీ' ఆప్షన్‌తో పిలవండి.

బంధువులకు ఒకే ఫైల్‌గా పంపాలంటే 'ఎంబెడ్-రిసోర్సెస్' ఆప్షన్ సీఎస్ఎస్, ఫాంట్లు, బొమ్మలు అన్నీ హెచ్‌టీఎంఎల్‌లోనే కూరుతుంది. అలా కూరిన ఫాంట్లు, బొమ్మలు ఒక్కొక్కటీ అసలు సైజు కంటే మూడో వంతు పెరుగుతాయి, కాబట్టి పంపే కాపీకి మాత్రమే వాడండి, సైట్‌కు వద్దు.

వర్డ్‌ప్రెస్‌కు వెళ్లాల్సిన పని నాకైతే కనిపించడం లేదు. మీ దగ్గరున్నది మామూలు టెక్స్ట్ ఫైల్, దాని నుంచి వెబ్ పేజీ, ఈపబ్, అచ్చు మూడూ వస్తాయి. అచ్చు గురించి మీరు అడగలేదు గానీ తాతగారి శతకం కాబట్టి ఎలాగూ అడుగుతారు. పాన్‌డాక్‌ను నేరుగా పీడీఎఫ్ ఇమ్మంటే అది మామూలుగా పీడీఎఫ్‌లాటెక్ అనే మరో ప్రోగ్రామ్‌ను పిలుస్తుంది, అది తెలుగు చూసి చేతులెత్తేస్తుంది. పీడీఎఫ్ ఇంజిన్‌గా వీజీప్రింట్ ఇవ్వండి, లేదా క్రోమ్‌లో తెరిచి ప్రింట్ నుంచి పీడీఎఫ్‌గా సేవ్ చేసుకోండి. రెండూ మీరు రాసిన ఈ సీఎస్ఎస్‌నే వాడతాయి. మీడియా ప్రింట్ భాగంలో పేజీ సైజు ఏ5, పద్యం డివ్‌కు బ్రేక్-ఇన్‌సైడ్ అవాయిడ్, శీర్షికకు బ్రేక్-ఆఫ్టర్ అవాయిడ్ రాస్తే రెండు పాదాలు ఈ పేజీలో, రెండు ఆ పేజీలో పడవు. సీసం కింది తేటగీతి కూడా విడిపోకూడదంటే రెండింటినీ కలిపి బయట ఇంకో డివ్‌లో పెట్టి, ఆ అవాయిడ్ రూల్‌ను దానికివ్వండి.